హైదరాబాద్ మోడల్ విజయవాడకు పనికిరాదు..! బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తప్పక మార్చాల్సిన సెట్టింగ్స్ ఇవే

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్, విజయవాడలోనూ ప్రకంపనలు తెలిశాయి. అలాంటి రోజున ఫ్లాట్‌లో ఉండే ప్రతి ఒక్కరికీ వచ్చే డౌట్ ఒక్కటే.. మా బిల్డింగ్ తట్టుకుంటుందా?

ఈ ప్రశ్నకు జవాబు పునాది తవ్వకముందే కంప్యూటర్‌లో తేలిపోతుంది. పిల్లర్ సైజు ఎంత, బీమ్‌లో ఎన్ని రాడ్లు, స్లాబ్ మందం ఎంత అనేవి ఇప్పుడు ఎక్కువగా ఈటాబ్స్, స్టాడ్ ప్రో లాంటి సాఫ్ట్‌వేర్లలోనే లెక్క కడుతున్నారు. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. బిల్డింగ్ ఏ ఊళ్లో కడుతున్నారో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఇంజినీర్ చెప్పాల్సిందే. తప్పు చెబితే తప్పు లెక్కే వస్తుంది.. అది కూడా ఎర్రర్ ఏమీ చూపించకుండా!

మరి ఏయే సెట్టింగ్స్ మార్చాలి? ఎక్కడ పొరపాటు జరుగుతుంది? వివరాలు చూద్దాం. కింద ఇచ్చిన భూకంప లెక్కలు ఐఎస్ 1893 మొదటి భాగం 2016 ఎడిషన్ ప్రకారం, గాలి లెక్కలు ఐఎస్ 875 మూడో భాగం 2015 ఎడిషన్ ప్రకారం ఉన్నాయి. కోడ్‌లు మారుతూ ఉంటాయి కాబట్టి ప్రాజెక్ట్ మొదలుపెట్టే ముందు భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్ దగ్గర అమల్లో ఉన్న ఎడిషన్ ఏదో చూసుకోవాలి.

మొదటి స్క్రీన్‌లోనే అసలు విషయం

ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ అమెరికా కంపెనీలవే. కొత్త ఫైల్ తెరిచినప్పుడు అమెరికా యూనిట్లు, అమెరికా కోడ్ ముందే ఎంపికై ఉండొచ్చు. అందుకే ఈటాబ్స్‌లో కొత్త మోడల్ మొదలుపెట్టగానే నాలుగు మార్చుకోవాలి. యూనిట్లు మెట్రిక్‌లో పెట్టాలి. మెటీరియల్ రీజియన్ ఇండియా అని ఇవ్వాలి. కాంక్రీట్ డిజైన్‌కు ఐఎస్ 456:2000, స్టీల్ డిజైన్‌కు ఐఎస్ 800:2007 ఎంచుకోవాలి.

ఇది పేరు మార్చడంతో అయిపోయే పని కాదు. మన దగ్గర ఎం25 కాంక్రీట్ అంటే 150 మిల్లీమీటర్ల క్యూబ్‌ను పరీక్షిస్తే వచ్చే బలం. అమెరికాలో సిలిండర్‌ను పరీక్షిస్తారు. ఒకే కాంక్రీట్‌ను రెండు రకాలుగా పరీక్షిస్తే సిలిండర్ బలం క్యూబ్ బలంలో సుమారు 80 శాతమే వస్తుంది. అక్కడి అంకెను తెచ్చి ఇక్కడి గడిలో వేస్తే లెక్క మొదట్లోనే దారి తప్పుతుంది.

లోడ్ కాంబినేషన్ల సంగతీ అంతే. సొంత బరువు 10, వాడకం బరువు 4 అనుకుంటే మన కోడ్ ప్రకారం రెండూ కలిపి 1.5తో గుణించాలి. 21 వస్తుంది. అమెరికా పద్ధతిలో మొదటిదాన్ని 1.2తో, రెండోదాన్ని 1.6తో గుణిస్తారు. 18.4 వస్తుంది. లోడ్లు అమెరికావి, డిజైన్ ఇండియాది అయితే భద్రత సుమారు 12 శాతం తగ్గినట్టే.

భూకంప జోన్: ఊరు మారితే లెక్క మారాలి

2016 కోడ్ దేశాన్ని నాలుగు జోన్లుగా విభజించింది. జోన్ 2కు 0.10, జోన్ 3కు 0.16, జోన్ 4కు 0.24, జోన్ 5కు 0.36 ఫ్యాక్టర్ ఇచ్చింది. హైదరాబాద్, విశాఖపట్నం జోన్ 2లో ఉన్నాయి. విజయవాడ, నెల్లూరు జోన్ 3లో ఉన్నాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. 1,000 టన్నుల బరువున్న తక్కువ ఎత్తు అపార్ట్‌మెంట్ ఉందనుకోండి. పిల్లర్లు, బీమ్‌లు భూకంపానికి సాగే పద్ధతిలో డిజైన్ చేశారు. హైదరాబాద్‌లో దాన్ని పక్కకు తోసే బలం బరువులో 2.5 శాతం, అంటే 25 టన్నులు. అదే బిల్డింగ్‌ను విజయవాడలో కడితే 4 శాతం, అంటే 40 టన్నులు. ఏకంగా 60 శాతం ఎక్కువ!

పాత ప్రాజెక్ట్ ఫైల్‌ను కాపీ చేసి, పేరు మార్చి కొత్త ఊళ్లో వాడేసే అలవాటుతో ప్రమాదం ఇక్కడే. జోన్ ఫ్యాక్టర్ గడిలో పాత అంకె అలాగే ఉండిపోతే ఈ 15 టన్నులు లెక్కలోకే రావు.

గాలి: విశాఖకు అసలు పరీక్ష ఇదే

భూకంపం విషయంలో హైదరాబాద్, విశాఖ ఒకే జోన్. గాలి విషయంలో మాత్రం కాదు. కోడ్ ప్రకారం బేసిక్ గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖ, విజయవాడలకు 50 మీటర్లు. తేడా ఆరు మీటర్లే కదా అనుకుంటే పొరపాటే. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మిగతా ఫ్యాక్టర్లు కలపకుండా చూస్తే చదరపు మీటరుకు 44 దగ్గర 1,162 న్యూటన్లు, 50 దగ్గర 1,500 న్యూటన్లు. దాదాపు 29 శాతం ఎక్కువ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఎలా కుదిపేసిందో అందరికీ గుర్తే. 2015 ఎడిషన్‌లో తుఫాను ప్రాంతాలకు కే4 అనే ఫ్యాక్టర్ ఉంది. తూర్పు తీరం వెంబడి 60 కిలోమీటర్ల పరిధిలో ఇది వర్తిస్తుంది. మామూలు ఇళ్లకు 1.00, పరిశ్రమలకు 1.15, తుఫాను తర్వాత కూడా పనిచేయాల్సిన ఆస్పత్రులు, షెల్టర్ల లాంటి వాటికి 1.30. ఇది వేగానికి వర్తించే ఫ్యాక్టర్ కాబట్టి 1.30 పెడితే ఒత్తిడి 1.69 రెట్లవుతుంది. తీరంలో ఆస్పత్రి కడుతూ ఈ గడిలో 1 వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నేల రకం: సాయిల్ టెస్ట్ లేకుండా గడి నింపొద్దు

సాఫ్ట్‌వేర్ అడిగే మరో ప్రశ్న నేల రకం. టైప్ 1 అంటే రాయి లేదా గట్టి నేల, టైప్ 2 మధ్యరకం, టైప్ 3 మెత్తటి నేల. ఒక సెకను డోలన కాలం ఉన్న బిల్డింగ్‌కు ఈ మూడింటి విలువలు వరుసగా 1.00, 1.36, 1.67. అంటే రాతి మీద కట్టినదానికంటే మెత్తటి నేల మీద 67 శాతం ఎక్కువ బలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. హైదరాబాద్‌లో చాలాచోట్ల రాయి తగులుతుంది. కృష్ణా డెల్టాలో ఒండ్రు మట్టి. ఒకే ఊళ్లో కూడా పూడ్చిన చెరువు పక్కన ఒకలా, గుట్ట మీద ఒకలా ఉంటుంది. రిపోర్ట్ చూసే ఈ గడి నింపాలి.

ఆర్ ఫ్యాక్టర్: కంప్యూటర్‌లో 5 కొడితే సైట్‌లో రింగులు మారాలి

ఎక్కువ పొరపాట్లకు తావిచ్చే సెట్టింగ్ ఇది. మామూలు ఫ్రేమ్‌కు ఆర్ విలువ 3. భూకంపానికి విరగకుండా సాగేలా ప్రత్యేకంగా కట్టే ఫ్రేమ్‌కు 5. ఈ అంకె పెరిగితే లెక్కలోకి వచ్చే బలం తగ్గుతుంది. 3 బదులు 5 పెడితే ఏకంగా 40 శాతం తగ్గిపోతుంది. స్టీల్ ఖర్చు తగ్గించుకోవడానికి 5 పెట్టాలనే ఆశ సహజమే.

కానీ 5 ఊరికే రాదు. ఐఎస్ 13920:2016 చెప్పినట్టు కట్టాలి. పిల్లర్ కనీస వెడల్పు 300 మిల్లీమీటర్లు ఉండాలి. జాయింట్ల దగ్గర రింగులు దగ్గర దగ్గరగా పడాలి. రింగు కొసలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి. డిజైన్‌లో 5 పెట్టి, సైట్‌లో తొమ్మిది అంగుళాల పిల్లర్ వేసి, రింగులు 90 డిగ్రీల్లో వంచేస్తే లెక్క ఒకటి, బిల్డింగ్ మరొకటి. అలాగని 3 పెట్టి తప్పించుకోవడం అన్నిచోట్లా కుదరదు. జోన్ 3, ఆపైన మామూలు ఫ్రేమ్‌లకు కోడ్ అనుమతి లేదు.

గోడలు, స్టిల్ట్ పార్కింగ్: సాఫ్ట్‌వేర్‌కు కనిపించనివి

మోడల్‌లో పిల్లర్లు, బీమ్‌లు, స్లాబ్‌లు గీస్తారు. గోడలను చాలావరకు గీయరు, బరువుగా మాత్రమే ఇస్తారు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ 2.4 మీటర్ల ఎత్తుంటే మీటరు పొడవుకు సుమారు 11 కిలోన్యూటన్లు, అంటే టన్నుకు పైనే. తేలికపాటి ఏఏసీ బ్లాకుల లెక్కతో డిజైన్ చేయించి, తర్వాత ఎర్ర ఇటుకతో కడితే మొత్తం తారుమారు.

స్టిల్ట్ పార్కింగ్ విషయంలో ఇది మరీ ముఖ్యం. పై అంతస్తుల్లో గోడలు ఫ్రేమ్‌ను గట్టిగా పట్టుకుంటాయి. కింద గోడలు లేక పిల్లర్లు ఒంటరిగా నిలబడతాయి. గోడల గట్టిదనం మోడల్‌లో లేకపోతే ఈ తేడా సాఫ్ట్‌వేర్‌కు తెలియనే తెలియదు. 2001 జనవరి 26న కచ్ భూకంపం వచ్చినప్పుడు 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో పలు అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో కింద పార్కింగ్ కోసం ఖాళీ వదిలినవి ఎన్నో. అందుకే ఇలాంటి బిల్డింగ్‌లకు కింది అంతస్తులో కాంక్రీట్ షియర్ వాల్స్ లాంటి ఏర్పాటు ఉండాలని కోడ్ చెబుతోంది.

మర్చిపోయే రెండు చిన్న సెట్టింగ్స్

* మాస్ సోర్స్: భూకంప లెక్కకు సొంత బరువు ఒక్కటే సరిపోదు. గోడలు, ఫ్లోరింగ్ బరువు పూర్తిగా కలపాలి. వాడకం బరువు చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల వరకు ఉంటే అందులో 25 శాతం, అంతకు మించితే 50 శాతం కలపాలి.
* స్టిఫ్‌నెస్ మాడిఫయర్లు: భూకంపంలో కాంక్రీట్ పగుళ్లిస్తుంది. అందుకే పిల్లర్ల గట్టిదనాన్ని 70 శాతంగా, బీమ్‌లది 35 శాతంగా తీసుకోవాలి. ఇది ఇంజినీర్ చేత్తో ఇవ్వాల్సిన విలువ.

రన్ అయిపోయింది.. ఇప్పుడేం చేయాలి?

ఎర్రర్ రాలేదంటే డిజైన్ కరెక్ట్ అని కాదు. సీనియర్ ఇంజినీర్లు కాగితం మీద రెండు లెక్కలు వేస్తారు. బిల్డింగ్ మొత్తం బరువును విడిగా లెక్కించి, సాఫ్ట్‌వేర్ చూపించే పునాది రియాక్షన్ల మొత్తంతో పోలుస్తారు. తర్వాత జోన్, నేల, ఆర్ విలువలతో బేస్ షియర్ వేసి చూస్తారు. రెండూ దగ్గరగా ఉంటే సరే. తేడా ఎక్కువగా ఉంటే ఏదో ఒక గడిలో తప్పు ఉన్నట్టే.

ఫ్లాట్ కొనేవాళ్లు, ఇల్లు కట్టుకునేవాళ్లు ఏం అడగాలి?

సాఫ్ట్‌వేర్ తెలియాల్సిన పనిలేదు. డిజైన్ బేసిస్ రిపోర్ట్ చూపించమని ఇంజినీర్‌ను అడిగితే చాలు. అందులో ఈ ఐదు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

1. ఏ కోడ్, ఏ ఎడిషన్ వాడారు?
2. భూకంప జోన్, బేసిక్ గాలి వేగం ఎంత తీసుకున్నారు? అవి మీ ఊరివేనా?
3. నేల రకం ఏది? ఆ సాయిల్ టెస్ట్ మీ స్థలంలోనే చేశారా?
4. ఆర్ విలువ ఎంత? 5 అయితే రింగుల డ్రాయింగ్ ఏది?
5. గోడలకు ఏ ఇటుక లెక్క వేశారు? స్టిల్ట్ ఉంటే కింద ఏ ఏర్పాటు చేశారు?

రాడ్లు కట్టడం అయిపోయాక, కాంక్రీట్ పోయకముందు ఆ డ్రాయింగ్ పట్టుకుని ఒక్కసారి సైట్‌కు వెళ్లి రింగులు చూసుకోవాలి. కాంక్రీట్ పడ్డాక వాటిని చూడటం ఎవరివల్లా కాదు.