తెర మీద బొమ్మ రాని రోజు – గ్రాఫిక్స్ కార్డు చరిత్ర కొంత

2000 సంవత్సరంలో మన సంఘం బడికి ఇచ్చిన మొదటి కంప్యూటర్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. కంపెనీ కంప్యూటర్ కొనడానికి చందాలు చాలలేదు. అందుకని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని, మదర్‌బోర్డును ఒళ్ళో పెట్టుకుని రాత్రి బస్సులో వచ్చి, ఇంట్లో బిగించాను. ఇంట్లో చక్కగా పనిచేసింది. మర్నాడు బడి హాల్లో పెద్దల ముందు స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. పెట్టెలోంచి ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు. చందాలిచ్చినవాళ్ళంతా నావంకే చూస్తున్నారు.

ఆ కూతల వెనక పెద్ద కథే ఉంది. 1981 ఆగస్టులో ఐబీఎం తెచ్చిన పీసీలో తెరకు బొమ్మ పంపే ఏర్పాటు మదర్‌బోర్డు మీద లేదు. ఉన్న ఐదు స్లాట్లలో ఒకదానిలో డిస్‌ప్లే కార్డు పెట్టుకోవలసిందే. అక్షరాలు చాలనుకుంటే మోనోక్రోమ్ కార్డు. రంగులు కావాలంటే సీజీఏ కార్డు. దాని మెమరీ 16 కిలోబైట్లు, 320×200 చుక్కల్లో నాలుగంటే నాలుగు రంగులు! ఆ కార్డే పనిచేయకపోతే లోపం చెప్పడానికి తెర ఎక్కడుంది? అందుకే స్పీకర్ చేత చెప్పించారు. ఒక పొడుగు, రెండు పొట్టి కూతలంటే డిస్‌ప్లే కార్డుతో ఇబ్బంది అని అర్థం. తర్వాత ఇతర కంపెనీల బోర్డులు కూడా చాలావరకు ఆ వరసనే అందుకున్నాయి.

ఐబీఎం తన యంత్రం సర్క్యూట్ పటాలను పుస్తకంగా అమ్మింది. దాంతో ఎవరైనా కార్డులు తయారుచేయగలిగారు, మనలాంటివాళ్ళు ఇంట్లో కంప్యూటర్ బిగించుకోగలిగారు. దానితోపాటు తంటాలూ మన నెత్తినే పడ్డాయి. కార్డు మీద జంపర్లనే చిన్న తొడుగులను చేత్తో మార్చి, ఏ కార్డుకు ఏ నంబరో మనమే కేటాయించాలి. రెండు కార్డులు ఒకే నంబరు పట్టుకుంటే పోట్లాటే. 1995లో విండోస్ 95తో ‘ప్లగ్ అండ్ ప్లే’ వచ్చింది: పెడితే చాలు, అదే సర్దుకుంటుందన్నారు. 1998 ఏప్రిల్‌లో షికాగోలో బిల్ గేట్స్ వేదిక మీద ఉండగా విండోస్ 98కి ఒక స్కానర్ తగిలిస్తే తెర నీలంగా మారి ఆగిపోయింది. హాల్లో నిలబడ్డ నాకు ఆ సంగతి గుర్తొచ్చింది గానీ, అంత ధైర్యమేమీ ఇవ్వలేదు.

మన కంప్యూటర్‌లో ఉన్నది 1997లో ఇంటెల్ తెచ్చిన ఏజీపీ స్లాట్, కేవలం గ్రాఫిక్స్ కార్డు కోసమే చేసినది. మొదట్లో 3.3 వోల్టులు, తర్వాత 1.5 వోల్టులు. ఒకదాని కార్డు ఇంకోదానిలో దూరకుండా గాట్ల చోటు మార్చారు. కానీ మన బోర్డు స్లాట్‌కు కార్డును పట్టి ఉంచే గొళ్ళెం లేదు.

అప్పుడు మన సైన్స్ మాస్టారు లేచి వచ్చారు. ఆయనకు కంప్యూటర్ తెలియదు. “రాత్రికీ ఇప్పటికీ ఏం మార్చావురా?” అన్నారు.

“ఏమీ మార్చలేదు మాస్టారూ.”

“ఆలోచించి చెప్పు.”

ఆలోచిస్తే తెలిసింది. ఆటోలో కుదుపులకు ఊడుతుందేమోనని పొద్దున్నే కార్డు స్క్రూ బాగా బిగించాను. రేకు వైపు బిగుసుకునేసరికి కార్డు రెండో కొస స్లాట్‌లోంచి వెంట్రుకవాసి పైకి లేచింది. స్క్రూ వదులుచేసి కార్డును అదిమితే ‘టక్’మంది. ఈసారి ఒకే ఒక్క కూత, తెర మీద అక్షరాలు. హాల్లో చప్పట్లు నాకో మాస్టారికో ఇప్పటికీ తెలియదు.

తర్వాత వచ్చిన ఏజీపీ బోర్డుల్లో స్లాట్ చివర గొళ్ళెం కనిపించింది. అంటే నా తప్పు చాలామంది చేసినదే! 2004లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ బోర్డులు వచ్చేనాటికి ఆ గొళ్ళెం మామూలైపోయింది. ఈ స్లాట్ కార్డుకు 75 వాట్లు ఇస్తుంది. అంతకుమించి కావాలంటే 6 పిన్నుల తీగతో ఇంకో 75, 8 పిన్నులదైతే 150. ఆ తీగ తగిలించడం మరచిపోవడం కొత్త రకం తప్పు. 2022లో 600 వాట్ల దాకా మోసే 16 పిన్నుల కనెక్టర్ వచ్చింది. కొన్నిచోట్ల అది కరిగిపోయింది. పూర్తిగా లోపలికి దిగకపోవడమే ఎక్కువగా కనిపించిన కారణమని ఎన్విడియా చెప్పింది. దాంతో మరుసటి ఏడాది అందులోని నాలుగు చిన్న పిన్నులను ఇంకా పొట్టి చేశారు. సరిగ్గా దిగకపోతే కార్డుకు కరెంటు అందదు. నా స్క్రూ, వాళ్ళ కనెక్టర్ ఒకే కుదురువి.

మొన్న మన బ్యాచ్ మిత్రుడి కొడుకు ఫోన్ చేశాడు. కొత్త కార్డు పెట్టాడు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది. “మానిటర్ తీగ ఎక్కడ పెట్టావు బాబూ?” అన్నాను. పాత అలవాటుగా మదర్‌బోర్డు వెనకే పెట్టాడు. తీసి కార్డుకు తగిలించగానే బొమ్మ వచ్చింది. ఆ సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, “వాడు కూడా స్క్రూ ఎక్కువ బిగించాడా?” అన్నారు.