దారి తప్పిన విమానము

నాగలాపురము నుండి కోవిల్పట్టి మీదుగా తిరునెల్వేలి పోవువారికి దారిలో కయత్తారు తగులును. 1799లో కట్టబొమ్మును ఉరితీసిన చోటుగా దానిని మనమందరము ఎరుగుదుము. ఆ యూరి దగ్గర రెండవ ప్రపంచయుద్ధము నాటి విమానములు దిగు స్థల మొకటి కలదు. అటు పోయినపుడెల్ల, దూరదేశమున జరిగిన యొక సంగతి నాకు జ్ఞప్తికి వచ్చును.

యుద్ధవిమాన మనగానే మనకు ఆకాశమున పోరాటమే తోచును. కాని విమానమును ఒక తావు నుండి మరొక తావునకు చేరవేయుటకు మాత్రమే చేయు ప్రయాణములును కలవు. వానిని ఫెర్రీ ప్రయాణము లందురు. మా రైల్వేలో చెడిన వ్యాగనును ‘సిక్’ అందుము. దానిని వర్క్‌షాపునకు చేర్చుట యెట్టిదో ఇదియు నట్టిదే. భేద మొక్కటే. బండికి పట్టాలు దారి చూపును. విమానమునకు పట్టాలు లేవు.

1942 జూన్ 21న టోబ్రూక్ కోట జర్మనుల వశమయ్యెను. బ్రిటిషు సేనలు ఈజిప్టులోనికి వెనుకకు తగ్గుచుండెను. ఆ తొందరలో జూన్ 28న, 260వ స్క్వాడ్రనులోని డెన్నిస్ కాపింగ్ అను 24 ఏండ్ల వైమానికుడు, చక్రముల భాగము చెడిన కిట్టీహాక్ విమానమును మరమ్మతునకై మరొక స్థావరమునకు తీసికొని బయలుదేరెను. కొంతసేపటికి దిక్కు తప్పెను. తోడు వచ్చిన వైమానికుడు తన విమానముతో సైగలు చేసినను అతడు దారి మార్చుకొనలేదు. పిమ్మట అతని జాడ తెలియలేదు.

డెబ్బది యేండ్లు గడచెను. 2012లో ఒక పోలిష్ చమురు కంపెనీ ఉద్యోగి, ఊరికి సుమారు 200 మైళ్ళ దూరమున, సహారా ఎడారిలో ఆ విమానమును కనుగొనెను. అది చాలవరకు చెక్కుచెదరక యుండెను. ప్రక్కన పారాషూటును నీడకై కట్టుకొన్న గుర్తులును, వైర్లెస్సును బ్యాటరీలను వెలికి తీసిన గుర్తులును ఉండెను. అనగా అతడు ప్రాణములతోనే దిగెను. ఎవరికైన కబురందించ యత్నించెను. శత్రువు గుండు కాదు, దాహమే అతని ప్రాణము తీసియుండవలెను. అతని శరీరము మాత్రము దొరకలేదు. కన్నవారు బ్రతికియుండగా ఈ సంగతి వారికి తెలియలేదు.

సమాధి లేనివారి పేర్లు చెక్కిన ఎల్ అలమీన్ స్మారకమున కాపింగ్ పేరు కలదు. అచ్చటి శ్మశానవాటికలోనే, మతాచారము ననుసరించి దహనము చేయబడిన 600 మందికి పైగా సైనికులకు వేరొక స్మారకము కలదు. వారిలో మన దేశస్థులే మిక్కిలి. ఆ ఎడారిలో మన మద్రాసు శాపర్లును పనిచేసిరి.

మన పెద్దలు ఏనాడో తెలుగుసీమ విడిచి ఈ నల్లరేగడి నేలకు వచ్చిరి. మన యిండ్లనుండియు సైన్యమునకు, బర్మాకు, సింహళమునకు పోయి తిరిగి రానివారుండవచ్చును. వారికి రాతిపై పేరు చెక్కువారు లేరు. అందుచేత నాదొక మనవి. ఈ యుగాదినాడు పచ్చడి తిని పంచాంగము విన్న పిమ్మట, ఇంటి ముసలివారిని అడిగి, అట్టివారి పేర్లను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. ఎడారి డెబ్బది యేండ్లకు ఒక కబురు దాచి యిచ్చెను. ముసలివారి జ్ఞాపకము అంతకాలము ఆగదు.