ఇల్లు అమ్మే ముందు, అద్దెకిచ్చే ముందు విద్యుత్ వినియోగ పరీక్ష

ఒక ఇంటిలో సుఖంగా నివసించడానికి ఎంత విద్యుత్తు, ఎంత ఇంధనం ఖర్చవుతుందో లెక్క కట్టి చెప్పడాన్ని ఇంటి శక్తి సామర్థ్య పరీక్ష అంటారు. ఇల్లు కొనబోయేవారు, అద్దెకు చూసేవారు ధర, అడ్వాన్సు, నీటి వసతి, దస్తావేజులు వంటి విషయాలన్నీ విచారిస్తారు. మే నెలలో ఆ ఇంటి కప్పు ఎంత వేడెక్కుతుంది, ఆ వేడిని తట్టుకోవడానికి నెలకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయి అని అడిగేవారు అరుదు. అద్దె కొద్దిగా తగ్గిందని పై అంతస్తు గదిలో చేరి, మిగిలిన సొమ్మంతా వేసవి మూడు నెలలలో కరెంటు బిల్లుకు ధారపోసే కుటుంబాలు పట్టణాలలో తక్కువేమీ కాదు.

ఈ పరీక్షకు చట్టబలం తెచ్చినవి ఐరోపా దేశాలు. 2002లో ఐరోపా సమాజం జారీ చేసిన ఆదేశాన్ని అనుసరించి ఇంగ్లండ్, వేల్స్‌లలో 2007 ఆగస్టు నుంచి అమ్మకపు ఇళ్లకు విడతలవారీగా, 2008 అక్టోబరు నుంచి అద్దె ఇళ్లకు ధ్రువపత్రం తప్పనిసరి అయింది. శిక్షణ పొందిన పరీక్షకుడు గోడలు, కప్పు, కిటికీలు, వేడినీటి ఏర్పాటు చూసి ‘ఎ’ నుంచి ‘జి’ వరకు ఒక శ్రేణిని నిర్ణయిస్తాడు. ఆ పత్రం 10 సంవత్సరాలు చెల్లుతుంది. కొన్ని మినహాయింపులు తప్ప, ‘ఇ’ కంటే తక్కువ శ్రేణి గల ఇంటిని కొత్తగా అద్దెకివ్వడాన్ని 2018 ఏప్రిల్ నుంచి నిషేధించారు. అక్కడివారి బాధ చలి, మనవారి బాధ ఎండ. పరీక్షించవలసిన అంశాలు మాత్రం దాదాపు అవే.

మన దేశంలో 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2002 మార్చిలో ఇంధన సామర్థ్య సంస్థ ఏర్పడింది. ఫ్రిజ్‌లపై, ఏసీలపై కనిపించే నక్షత్రాల చీటీ ఈ సంస్థ ఇచ్చేదే. నివాస భవనాల కోసం 2018 డిసెంబరులో ‘ఎకో నివాస్ సంహిత’ వెలువడింది. 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలంలో కట్టే నివాసాలను ఉద్దేశించిన ఈ నియమావళిని రాష్ట్రాలు తమ భవన నిబంధనలలో చేర్చుకుంటే తప్ప అమలులోకి రాదు. పల్లెలోని మామూలు ఇల్లు దీని పరిధిలోకి రానే రాదు. అమ్మేటప్పుడు గానీ అద్దెకిచ్చేటప్పుడు గానీ శక్తి ధ్రువపత్రం చూపాలనే నిబంధన మన దేశంలో లేదు. కాబట్టి ఇరుపక్షాలవారు ఈ పరీక్షను తామే చేసుకోవలసి ఉంటుంది. ఇందుకు కావలసినవి గడచిన 12 నెలల కరెంటు బిల్లులు, ఎండ కాసే ఒక మధ్యాహ్నం మాత్రమే.

బిల్లులో ముందుగా చూడవలసినది యూనిట్ల సంఖ్య. రూపాయల అంకె తప్పుదారి పట్టిస్తుంది. కర్ణాటకలో 2023లో గృహజ్యోతి పథకం వచ్చిన తరువాత 200 యూనిట్ల లోపు వాడే అనేక ఇళ్లకు సున్నా బిల్లు వస్తోంది. ఆ సున్నా ఇంటి గొప్పతనం కాదు. పాత వాడకం సగటును బట్టి ఆ ఇంటికి లభించిన రాయితీ అది. కొత్తగా చేరినవారు తమ పేరున నమోదు చేసుకోవాలి. అంతకుముందు ఉన్నవారి నమోదు ఆ ఆర్.ఆర్. నంబరుపై తొలగిందో లేదో కూడా విచారించాలి. తెలంగాణలోనూ అదే పేరుతో 2024 మార్చి నుంచి 200 యూనిట్ల పథకం ఉంది. తమిళనాడులో రెండు నెలలకొకసారి రీడింగు తీసే అలవాటు ఉన్నందున హొసూరు బిల్లును కుప్పం బిల్లుతో పోల్చేవారు ముందుగా రెండుతో భాగించాలి. ఈ చిన్న విషయం తెలియక సరిహద్దుకు ఆవలి ఇల్లు కరెంటు తినేస్తుందని భ్రమపడేవారున్నారు. బిల్లు ఏ భాషలో ఉన్నా భయపడనక్కరలేదు. వినియోగాన్ని కన్నడంలో ‘బళకె’, మరాఠీలో ‘వాపర్’, తమిళంలో ‘పయన్‌పాడు’ అంటారు. ఆ మాట పక్కన ఉండే అంకెయే కావలసినది.

12 నెలల అంకెలను ఒక కాగితంపై వరుసగా వ్రాసుకుంటే ఇంటి స్వభావం బయటపడుతుంది. ఉదాహరణకు ఒక ఇంటిలో జనవరిలో 60 యూనిట్లు, మేలో 140 యూనిట్లు కాలాయనుకుందాం. దీపాలు, టీవీ, ఫ్రిజ్ రెండు నెలలలోనూ ఉన్నవే. అదనపు 80 యూనిట్లలో అధికభాగం వేడితో పోరాడటానికి ఖర్చయినట్లు భావించవచ్చు. అయితే ఆ ఇంటిలో ఎందరున్నారో, సెలవులకు బంధువులు వచ్చారో, కూలరు ఉందో అడిగి తెలుసుకోకుండా తీర్పు చెప్పరాదు. ఇద్దరు వృద్ధులు వాడిన 60 యూనిట్లను చూసి ఆరుగురి కుటుంబం మురిసిపోతే నష్టం ఆ కుటుంబానికే.

నాలుగు వాటాలకు ఒకే మీటరు ఉన్న ఇళ్ల విషయం వేరు. వాడకం పెరిగిన కొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబు పద్ధతిలో నలుగురి యూనిట్లు ఒకచోట చేరితే అందరూ పై శ్లాబు ధరే చెల్లించవలసి వస్తుంది. విడిగా వాడితే ఎవరికీ ఆ భారం ఉండదు. ఉప మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని యజమాని వసూలు చేసే చోట ఆ ధర ఎంతో ముందే అడగాలి. అద్దె తక్కువగా ఉన్న గదులలో అసలు కిటుకు తరచుగా ఇక్కడే ఉంటుంది.

ఇక కప్పు సంగతి. ఎకో నివాస్ సంహిత ప్రకారం లోపలికీ వెలుపలికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు కప్పు గుండా చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి ఉష్ణం ప్రవహించరాదు. పైన ఏ పూతా, ఏ పొరా లేని కాంక్రీటు స్లాబు గుండా 3 వాట్లకు పైగా ప్రవహిస్తుంది. పగలంతా ఎండను తాగిన స్లాబు రాత్రి దానిని గదిలోకి విడుస్తుంది. అందుకే పై అంతస్తు గదిని మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిది గంటల తరువాత మరొకసారి చూడాలి. స్టూలెక్కి కప్పు అడుగున అరచేయి ఉంచితే సంగతి తెలిసిపోతుంది. పడమటి గోడకు నీడనిచ్చే చెట్టు, వరండా, చూరు ఉన్నాయా, ఎదురెదురు కిటికీల నుంచి గాలి ఆడుతుందా అన్నవి ఆ తరువాతి ప్రశ్నలు. రేకుల ఇంటి గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

బళ్ళారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాల మట్టి మిద్దెలు, తమిళనాడు వైపు సున్నపు గచ్చు వేసిన మద్రాసు టెర్రస్ ఇళ్లు ఈ పరీక్షలో కొత్త స్లాబుల కంటే మెరుగ్గా నిలుస్తాయి. మందమైన మట్టి కప్పు, రాతి గోడలు వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతాయి. అమ్మేటప్పుడు పాత మిద్దెకు స్థలం ధర తప్ప విలువ కట్టకపోవడం పరిపాటి. దూలాలకు చెదలు పట్టకుండా, వాన కారకుండా ఉన్న మిద్దెను యజమాని అంత చౌకగా ఇచ్చివేయనక్కరలేదు. వేసవి బిల్లు చూపి ధర అడగవచ్చు. స్లాబు ఇల్లు గలవారికి తెల్ల సున్నం లేదా ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు వేయించడం అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే మరమ్మతు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినది ఈ ఉద్దేశంతోనే. సున్నం మాత్రం వానలకు కొట్టుకుపోతుంది, వేసవికి ముందు మళ్లీ వేయించాలి.

తీగలను పరీక్షించడానికి ఒక సులభమైన ఉపాయం ఉంది. స్విచ్‌లన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు తీసి, ఎలక్ట్రానిక్ మీటరుపై మిణుకుమనే ఎర్ర దీపాన్ని పది నిమిషాలు గమనించాలి. మీటరుపై 3200 ఇంపల్సులు అని ఉంటే ఆ దీపం 3200 సార్లు వెలిగినప్పుడు ఒక యూనిట్ పూర్తవుతుంది. అన్నీ ఆపిన తరువాత కూడా అది వెలుగుతూ ఉంటే కరెంటు ఎక్కడో లీకవుతోంది, లేదా మరో వాటాకు తీగ వెళ్లింది. ఈ పని ఎలక్ట్రీషియన్ సమక్షంలో చేయడం మేలు. ఫ్యాన్లను కూడా చూడాలి. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు అవుతాయి. 30 వాట్ల కొత్త రకం ఫ్యానుకు 11 యూనిట్లు చాలు. ఇల్లంతా కొత్త ఫ్యాన్లు పెట్టించిన యజమాని అద్దె కొంత పెంచి అడిగినా అది అన్యాయం అనిపించుకోదు.

కొనేవారు బిల్లుపై మంజూరైన లోడు ఎంతో, బకాయి ఉందో లేదో కూడా చూడాలి. నిబంధనలు అనుమతించిన చోట పాత యజమాని బకాయిని కొత్త యజమాని నుంచి విద్యుత్ సంస్థ రాబట్టవచ్చునని 2023 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇల్లు చేతులు మారే రోజున మీటరు రీడింగు, తేదీ, సర్వీసు నంబరు, ఉప మీటరు ఉంటే దాని రీడింగు, యూనిట్‌కు ఒప్పుకున్న ధర అగ్రిమెంటులోనే వ్రాయించి ఇరువురూ సంతకం చేయాలి. ఫోనులో మీటరు ఫోటో తీసి ఉంచుకోవడం కూడా మంచిది.