కామాటిపుర పేరు ఎవరిది?

కిందటి ఏడు మా చెల్లెలి కొడుక్కి సంబంధాలు చూస్తున్నప్పుడు జరిగిన సంగతితో మొదలుపెడతాను. అబ్బాయి తన వివరాల కాగితం తానే కంప్యూటరు మీద తయారుచేసుకుని, తప్పులుంటే దిద్దమని నా చేతికిచ్చాడు. ముప్పై ఏళ్ళు ముంబాయి మునిసిపల్ బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి, మా ఇళ్ళలో ఏ కాగితమైనా దిద్దే పని నాదే. పుట్టిన చోటు అన్న దగ్గర "ముంబాయి సెంట్రల్" అని రాసి ఉంది.

"నువ్వు పుట్టింది కామాటిపుర పదకొండో గల్లీలో గదరా?" అన్నాను.

"ఆ పేరు రాస్తే ఒక్కరు గూడ ఫోన్ జెయ్యరు మామా" అన్నాడు తల దించుకుని. ఆ తరవాత తన సెల్‌ఫోను తీసి, ప్రపంచంలో ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఆ అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో మా వాడ గురించిన వ్యాసం తెరిచి చూపించాడు. "పిల్లనిచ్చేటోల్లు ముందుగాల ఇదే చదువుతరు" అన్నాడు.

చదివాను. వేశ్యావృత్తి గురించి పేరాల కొద్దీ ఉంది. వాడకు పేరెలా వచ్చిందన్న విషయానికి ఒకటి రెండు వాక్యాలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి కట్టడాల దగ్గర పనిచేసిన కూలీల వల్ల ఆ పేరు వచ్చిందని మాత్రం ఉంది. ఆ కూలీలు ఏ ఊరివాళ్ళు? ఏ భాష మాట్లాడేవాళ్ళు? తరవాత ఏమయ్యారు? ఒక్క ముక్క లేదు. మా ముత్తాత పాలమూరు నుంచి వచ్చి ఈ నగరంలో తట్ట మోశాడు. మా తాత, నాయన మేస్త్రీ పని చేశారు. నాలుగు తరాల మా బతుకు "ఎక్కడెక్కడి నుంచో" అన్న మాటలో కలిసిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక మేనల్లుణ్ణి లేపి, ఆ వ్యాసం ఎలా దిద్దాలో అడిగి తెలుసుకున్నాను. తెలుసుకుని రెండు పనులు చేశాను. వేశ్యావృత్తి గురించిన పేరాలు మొత్తం తీసేశాను. వాటి చోట మా అవ్వ చెప్పిన కథ రాశాను. "ఈడ నడుముల దాంక నీళ్ళుండెనట. మనోళ్ళే మన్ను వోసిన్రట" అని అవ్వ చెప్పేది. దాన్ని నాకొచ్చిన ఇంగ్లీషులో పెట్టి తృప్తిగా పడుకున్నాను.

తెల్లవారేసరికి నేను రాసింది లేదు. నేను తీసేసింది తిరిగి వచ్చింది. ముఖపరిచయం లేని మరో వ్యాసకర్త మర్యాదగానే రెండు మాటలు రాసి పెట్టాడు. అచ్చయిన ఆధారం చూపకుండా కొత్త విషయం చేర్చకూడదు. ఆధారం ఉన్న విషయాన్ని మనకు నచ్చలేదని తీసెయ్యకూడదు. మొదట కోపం వచ్చింది. కాసేపటికి నవ్వొచ్చింది. "ఎక్కడ చదివావు? పుస్తకం పేరు చెప్పు" అని ముప్పై ఏళ్ళు పిల్లల్ని నిలదీసినవాణ్ణి నేనే గదా!

అక్కణ్ణించి నాలుగు నెలలు గ్రంథాలయాల చుట్టూ తిరిగాను. దొరికినవాటిని మన పాఠకులతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

మొదట నేల సంగతి. ముంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. మహాలక్ష్మికి, వర్లికి మధ్య ఉన్న గండి గుండా పోటు సమయంలో సముద్రం లోపలికి వచ్చి, ఇప్పటి బైకలా చుట్టుపక్కల పల్లపు నేలంతా ముంచేది. గవర్నరు విలియం హార్న్‌బీ కాలంలో, 1780ల్లో, ఆ గండికి కట్ట వేశారు. హార్న్‌బీ వెల్లార్డ్ అని దానికి పేరు. ఆ తరవాతే ఈ బురద నేల మెల్లమెల్లగా మనుషులుండే చోటయింది. అంటే మా అవ్వ చెప్పిన నీళ్ళు అబద్ధం కాదు. "మనోళ్ళే" అన్న మాటకు మాత్రం కాగితం లేదు.

వాడకు ఉత్తరాన ఉన్న రోడ్డుకు బెల్లాసిస్ రోడ్డని పేరుండేది. 1793లో కరువుకు సూరత్ నుంచి తరలివచ్చిన పేదలు, చందాలు పోగుచేసిన డబ్బుతో వేసిన రోడ్డది. ఆ సంగతి చెప్పే శిలాఫలకం కూడా వేశారు. దాని మీద పని చేయించిన సేనాని బెల్లాసిస్ పేరుంది. మోసిన పేదల పేర్లు ఉండవు గదా, "పేదలు" అని ఉంది. ఆ మాటైనా చెక్కించినందుకు సంతోషించాలి.

ఇక పేరు సంగతి. 1909లో అచ్చయిన ముంబాయి నగర గెజిటీరు, 1917లో శామ్యూల్ షెపర్డ్ ప్రకటించిన ముంబాయి స్థలనామాల పుస్తకం, రెండూ చూశాను. నిజాము రాజ్యం నుంచి వచ్చి స్థిరపడిన కామాటీల వల్లనే కామాటిపుర అయింది. నిజాము రాజ్యం అంటే మరాఠీ, కన్నడ జిల్లాలు కూడా ఉన్నాయి కదా, వాళ్ళు తెలుగువాళ్ళే అని ఎలా చెప్పడం? దానికి జవాబు గ్రియర్సన్ భాషా సర్వేలో దొరికింది. 1906లో వచ్చిన నాలుగో సంపుటంలో, తెలుగు మాండలికాల కింద, ముంబాయి ప్రాంతంలో తాపీ పనివారు మాట్లాడే "కామాఠీ" పేరు ఉంది. ఇంకా వడారీ, సాలేవారీ, కోమ్టావు అన్నవి కూడా ఉన్నాయి. వడ్డెరల మాట, సాలెవారి మాట, కోమట్ల మాట. నాలుగూ తెలుగే. వాటిని రాసుకున్నవారు వృత్తి పేరునే భాష పేరుగా రాసుకున్నారు. ఆ పుట చదివినప్పుడు నాకు సంతోషం, దిగులు రెండూ కలిగాయి. మన భాషకు మన పనిముట్ల పేరు పెట్టి పిలిచారన్నమాట.

కామాటి అంటే మన నిఘంటువుల్లో కూలివాడు, మట్టిపని చేసేవాడు అనే అర్థం. హైదరాబాదు పాతబస్తీలోనూ ఒక కామాటిపుర ఉంది. ఆ పేరు చెప్పుకోవడానికి అక్కడ ఎవరూ తడబడగా నేను చూడలేదు. మాట ఒకటే. ఇక్కడ సిగ్గు తెచ్చింది మాట కాదు.

మూడోది నేను వెతకకుండానే దొరికింది. 1873 సెప్టెంబరు 24న పుణెలో జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజం స్థాపించాడు. ఫూలే కట్టడాల కాంట్రాక్టులు చేసినవాడు కూడా. ముంబాయిలో ఆ సమాజానికి ధనసహాయం చేసి, వెన్నుదన్నుగా నిలిచినవారిలో కామాటిపుర తెలుగు కాంట్రాక్టర్లు, వ్యాపారులు ముఖ్యులు. వ్యంకూ బాళోజీ కాళేవార్, రామయ్య వ్యంకయ్య అయ్యవారు అని వారి పేర్లు మరాఠీ చరిత్రల్లో కనిపిస్తాయి. మహారాష్ట్రలో "వార్" అని ముగిసే ఇంటిపేర్లు ఎన్నో మన "వారు"లే అని ఇక్కడి పాఠకులకు చెప్పనక్కర లేదు. ఇన్నేళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను. ఫూలే పాఠం కూడా చెప్పాను. ఆయన పక్కన మా గల్లీవాళ్ళు నిలబడ్డారని నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఏ పిల్లవాడికీ చెప్పలేదు.

ఇక ఆ రాత్రి నేను తీసేసిన పేరాల సంగతి. దీన్ని దాటిపోతే ఈ వ్యాసం కూడా మేనల్లుడి కాగితం లాంటిదే అవుతుంది.

1868లో ఇంగ్లీషు ప్రభుత్వం అంటురోగాల చట్టం చేసింది. తమ సైనికులకు, నావికులకు రోగాలు రాకుండా ఉండాలని, వృత్తిలో ఉన్న స్త్రీల పేర్లు నమోదు చేసి వాళ్ళకు నిర్బంధంగా వైద్యపరీక్షలు చేయించే చట్టమది. 1870 నుంచి ముంబాయిలో అమలు చేశారు. 1888లో రద్దయింది. చట్టం పోయినా ఆ స్త్రీలను కొన్ని వీధులకు పరిమితం చేసి కనిపెట్టి ఉండాలన్న ఆలోచన పోలీసుల్లో మిగిలింది. పైన చెప్పిన గెజిటీరును కూర్చిన ఎడ్వర్డ్స్ దొర, అది అచ్చయిన 1909లోనే ముంబాయి పోలీసు కమిషనరయ్యాడు. మన వాడ గురించి మొదట రాసినవారు ఎవరో, ఏ కన్నుతో చూశారో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. అవసరానికి కూలీలను తెచ్చుకున్నవారే, అదుపు కోసం ఆ స్త్రీలను కూడా కూలీల ముంగిళ్ళకు చేర్చారు. ఆ రెండు నిర్ణయాల్లో ఏదీ ఆ స్త్రీలది కాదు, మావాళ్ళదీ కాదు.

ఆ స్త్రీలలో మన తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళూ ఉండేవారు. నా చిన్నతనంలో మా నల్లా దగ్గర అవ్వతో తెలుగులో మాట్లాడుతూ నీళ్ళు పట్టుకునే ఒకామె నాకు గుర్తుంది. అవ్వ ఆమెను "చెల్లె" అని పిలిచేది. ఆ పేరాలు తీసేసినప్పుడు నేను తుడిచిపెట్టింది ఆమెను కూడా. అవ్వ బతికి ఉంటే ఒప్పుకునేది కాదు.

అందుచేత రెండోసారి వ్యాసం తెరిచినప్పుడు దేన్నీ తీసెయ్యలేదు. పల్లపు నేల, కట్ట, నిజాము రాజ్యం నుంచి వచ్చిన కామాటీలు, వారి తెలుగు, సత్యశోధక సమాజం. ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క పుస్తకం, పుట సంఖ్య చూపిస్తూ ముందు పెట్టాను. కింద ఉన్న భాగంలో 1868 నాటి చట్టం సంగతి చేర్చాను. వారం రోజులు రోజూ పొద్దున్నే లేచి చూశాను. నిలబడింది. మొదటిసారి తీసేసిన ఆ వ్యాసకర్తే నా ఇంగ్లీషు తప్పులు రెండు దిద్దిపెట్టాడు కూడా.

కాని నిలబడనివి, అసలు పెట్టనే లేనివి చాలా ఉన్నాయి. గల్లీ మధ్యలో ఆడవాళ్ళు బతుకమ్మ ఆడిన సాయంకాలాలు, మేస్త్రీలు పనిలేని రోజున కూడా రందా, తాపీ తుడిచి పెట్టుకునే పద్ధతి, ఊరి నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడికి మొదటి కూలి దొరికేదాకా ఎవరింట్లో పడితే వారింట్లో అన్నం పెట్టే ఆచారం. వీటికి నా దగ్గర సాక్షులున్నారు, పుస్తకాలు లేవు. రెండు వందల ఏళ్ళలో ఈ వాడను గురించి ఇంగ్లీషువారు రాశారు, మరాఠీవారు రాశారు. మనం చెప్పుకున్నామే గాని రాసుకోలేదు.

ఆ నిబంధనను తప్పుపట్టడం తేలిక. నేను అలా అనుకోవడం లేదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు నాగపూరులో చదువుకుని, మరాఠీలోనూ రాయగలిగినవారు. ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, 1923లో కన్నుమూసేనాటికి మూడు సంపుటాలు తేగలిగారు. మూడు సంపుటాలూ అకారంతోనే సరిపోయాయి. ఆధారం లేని మాట రాయకూడదన్న పట్టుదల గలవారికి పని అలాగే సాగుతుంది. ఆయన దగ్గరకు మా అవ్వ కథ పట్టుకెళ్ళినా, "బాగుంది, ఎక్కడ అచ్చయింది?" అనే అడిగి ఉండేవారు.

ఇప్పుడు తొందర ఎందుకంటే, కామాటిపుర గల్లీలను పడగొట్టి కొత్తగా కట్టే పథకాన్ని మహారాష్ట్ర ప్రభుత్వం చేపట్టింది. శిథిలమైన ఇళ్ళలో ఉన్నవారికి మంచి ఇళ్ళు రావాలి, వద్దనేవాణ్ణి కాను. కాని గుమ్మాల మీద, గుడి గోడల మీద, చాళ్ళ మెట్ల దగ్గర ఉన్న పేర్లు రాళ్ళతో పాటు పోతాయి. బెల్లాసిస్ రోడ్డు పేరు మారింది, గ్రాంట్ రోడ్డు, డంకన్ రోడ్డు పేర్లు మారాయి. సేనాని పేరు, గవర్నర్ల పేర్లు పోయాయి. కూలివాళ్ళ పేరు మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. కొత్త మేడలు లేచాక అది కూడా ఉంటుందో లేదో.

అందుకే షోలాపూరులో, బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో, యానాంలో ఉన్న పాఠకులకు నాదొక మనవి. మీ వాడ గురించి ఆ సర్వస్వంలో ఏముందో ఒకసారి చూడండి. తప్పుంటే కోపంతో చెరపకండి. ముందు మీ వీధిలోని శిలాఫలకాన్ని ఉన్నది ఉన్నట్టుగా, అక్షరదోషాలతో సహా రాసుకోండి. పెద్దవాళ్ళు చెప్పిన సంగతి ఎవరు, ఎప్పుడు, ఏ ఇంట్లో చెప్పారో తేదీ వేసి రాయండి. రాసి ఇలాంటి చిన్న పత్రికలకు పంపండి. అచ్చయిన పుట ఒకటి ఉంటే రేపు ఎవరైనా దాన్ని ఆధారంగా చూపగలరు. మన వ్యాసాన్ని మనమే చూపుకోవడం సబబు కాదు. ఒకరు రాసినదాన్ని వేరొకరు పరిశీలించి చూపాలి. అందుకే పదిమంది రాయాలి.

ఈ వ్యాసం చిత్తుప్రతి మేనల్లుడికి చదివి వినిపించాను. అంతా విని, "మా నాయనమ్మకు ఇంకా శాన కథలెరుక మామా, ఆమెకు ఎనబై నాలుగు" అన్నాడు. వచ్చే ఆదివారం కాగితం, కలం పట్టుకుని వాళ్ళింటికి వెళుతున్నాను.