ఏకహక్కుల పోటీ: తెలుగు ఓటీటీ సంస్థల చిత్రభాండారములపై బిట్రగుంట నుండి ఒక పరిశీలన

మద్రాసు నుండి బెజవాడకు పోవు ఇనుపదారిలో నెల్లూరు దాటి, కావలి చేరకముందు తగులు బిట్రగుంట ఆవిరి యంత్రముల కాలమున రైల్వే ఉద్యోగులకెల్ల తెలిసిన పేరు. లోకో షెడ్డును, బండ్ల యార్డును ఆశ్రయించుకొని ఒక కాలనీయు, కాలనీని ఆశ్రయించుకొని ఒక బజారును ఇచట వెలసినవి. ఆవిరి యంత్రములతోబాటు షెడ్డు వైభవమును అంతరించినను, కాలనీలో సంసారములు మాత్రము సాగుచునే యున్నవి. ఇట్టి ఊరిలో రాత్రి భోజనములైన పిదప జనులు ఏమి చూచుచున్నారు, దానికెంత చెల్లించుచున్నారు, కోరినది వారికి దొరకుచున్నదా లేదా అని విచారించినచో, హైదరాబాదు ఫిలింనగరులో వినవచ్చు కోట్ల లెక్కలకంటె ఓటీటీ సంస్థల పోటీ స్వరూపము స్పష్టముగా బోధపడునని నా అభిప్రాయము. ఎవరి యొద్ద ఎక్కువ చిత్రములున్నవను దానికంటె, ఎవరి యొద్ద ఇతరులకు లేని చిత్రమున్నదను దానిపైననే ఆ పోటీ నడచుచున్నది; తెలుగు ప్రేక్షకునికి దొరకుచున్నదియు, దొరకకున్నదియు ఈ ఏకహక్కు వలననే నిర్ణయమగుచున్నది.

ఈ కథకు మూలము ఫోనులో లేదు, టీవీలో ఉన్నది. 1995లో జెమినీ టీవీయు, ఈటీవీయు, 2002లో మా టీవీయు, 2005లో జీ తెలుగును ప్రసారములు ప్రారంభించినప్పుడు, వానికి నిత్యము కావలసిన దినుసు సినిమాయే గనుక, నిర్మాతల యొద్ద శాటిలైట్ హక్కులు కొనుటకు ఛానళ్లు ఒకదానిపై నొకటి పోటీపడెను. వీడియో క్యాసెట్లను రాత్రికి ఇంతయని అద్దెకిచ్చిన దుకాణముల నాటి బేరములతో పోల్చిన ఇవి చాల పెద్దవి. అప్పు తీర్చుకొనవలసిన నిర్మాత, రాబోవు కాలమున ఆ హక్కు ఏమగునో ఆలోచింపక, దీర్ఘకాలమునకు వ్రాసియిచ్చుటయు సామాన్యమే. ఆ కాగితములే నేటి భాండారములకు పునాదులు. సన్ నెట్‌వర్క్ వారు 2017లో సన్ నెక్స్ట్‌ను తెచ్చినప్పుడు జెమినీ సంపాదించిన చిత్రములు దానికి ఆధారములైనవి. 2015లో స్టార్ సంస్థ మా టీవీని కొనుటతో ఆ ఛానలు కార్యక్రమములు హాట్‌స్టార్ గూటికి చేరినవి. 2018లో వచ్చిన జీ5కు జీ తెలుగు పుట్టినిల్లు. ఈటీవీ విన్‌కు వెనుక ఈటీవీ మాత్రమే కాక, 1980లలో ‘శ్రీవారికి ప్రేమలేఖ’, ‘మయూరి’, ‘ప్రతిఘటన’ వంటి చిత్రములు తీసిన ఉషాకిరణ్ మూవీస్ సొంత ఆస్తియు ఉన్నది. కొన్న హక్కుకును, కన్న హక్కుకును గల భేదము ఇచటనే తెలియును.

ఇందొక చట్టపు చిక్కు కలదు. ఇంటర్నెట్టు ప్రసారమును ఎవరును ఊహింపని నాడు వ్రాసికొన్న ఒడంబడికలో ఆ హక్కు చేరినదా లేదా యను వివాదము పదేపదే వచ్చుచుండును. 2012లో కాపీరైటు చట్టమును సవరించినప్పుడు, ఒప్పందకాలమున వాడుకలో లేని మాధ్యమమునకు, దానిని ప్రత్యేకముగా పేర్కొన్ననే తప్ప, హక్కు బదిలీ వర్తింపదని చేర్చిరి. ఈ సంగతి నెరిగిన పాత నిర్మాతల వారసులు కొందరు తమ చిత్రములను రెండవ మారు అమ్ముకొనగలిగిరి. ఎరుగనివారి చిత్రములు ఎవరి చేతిలోనో ఉండిపోయెను.

2016 జనవరిలో నెట్‌ఫ్లిక్సును, ఆ డిసెంబరులో అమెజాన్ ప్రైమ్ వీడియోయు భారతదేశమునకు వచ్చినవి. ఆ రెంటి నడుమ, సెప్టెంబరులో, జియో వచ్చినది. డేటా ధర ఒక్కసారిగా పడిపోయినది. పై రెండు సంస్థలకు తెలుగులో పూర్వీకుల ఆస్తి ఏమియు లేదు. అందుచేత అవి పాతదానిని ఏరుకొనుటకంటె కొత్తదానిని థియేటరు నుండి తిన్నగా తెచ్చికొనుటకే ధనము వెచ్చించినవి. 2020 ఉగాదినాడు, అనగా మార్చి 25న, దేశమంతట లాక్‌డౌన్ మొదలైన మొదటి దినముననే, గీతా ఆర్ట్స్ అధినేత అల్లు అరవిందును, మై హోమ్ సంస్థ వారును కలిసి తెలుగునకే ప్రత్యేకముగా ‘ఆహా’ను ప్రారంభించిరి, ఏడాదికి 365 రూపాయలు, రోజుకు రూపాయి. ముహూర్తబలమనిన ఇదియే కాబోలు! థియేటర్లు మూతపడిన ఆ నెలలలో నిర్మాతలకు వేరు దారి లేకపోయెను. ఏప్రిల్ 29న ‘అమృతరామమ్’ జీ5లో నేరుగా విడుదల కాగా, సెప్టెంబరు 5న నాని నటించిన ‘వి’ ప్రైమ్‌లోనికి వచ్చినది. మరుసటి యేడు ‘టక్ జగదీష్’ను అదే విధముగా విడుదల చేయబూనినప్పుడు థియేటర్ల యజమానులు బాహాటముగా ఆక్షేపించిరి, అయినను సెప్టెంబరు 10న చిత్రము ప్రైమ్‌లోనే వచ్చినది.

ఏకహక్కు ఎంతదూరము పోగలదో తెలిసికొనుటకు ‘ఆర్ఆర్ఆర్’ చరిత్రను మించిన ఉదాహరణము లేదు. 2022 మార్చి 25న విడుదలైన ఆ చిత్రము మే 20న ఇంటింటికి వచ్చినప్పుడు, తెలుగు తమిళ కన్నడ మలయాళ ప్రతులు జీ5కును, హిందీ ప్రతి నెట్‌ఫ్లిక్సునకును పంపకమైనవి. నెట్‌ఫ్లిక్సు లోకమంతట వ్యాపించిన సంస్థ గనుక, అమెరికాలోను ఐరోపాలోను ఆ చిత్రమునకు ముగ్ధులైనవారిలో అనేకులు దానిని హిందీలోనే చూచిరి. 2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చిన వేళ లోకమంతయు తెలుగు పాటను కొనియాడినది గాని, ఆ పాట గల సినిమాను తెలుగు మాటలతో విననివారు వారిలో ఎందరో! ఒక భాషలో పుట్టిన కృతి ఆ భాషను విడిచి కీర్తినందుటకు ఇట కారణము కళావిషయము కాదు, హక్కుల విభజన. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ విషయమునను ఇదే పద్ధతి సాగినది; దక్షిణభాషా ప్రతులు ప్రైమ్‌లో, హిందీ ప్రతి నెట్‌ఫ్లిక్సులో, రెండును ఆగస్టు 22ననే. ఒకే సినిమాను రెండు బజారులలో రెండు ధరలకు అమ్మిన నిర్మాతను తప్పుపట్టలేము. చందాదారుడు మాత్రము రెండు తలుపులు తట్టవలసివచ్చినది.

ఆ ఆగస్టు 22వ తేదీకి ఒక అర్థము కలదు: జూన్ 27న విడుదలైన చిత్రమునకు అది సరిగా యాబదియారవ దినము. 2021లో ‘వకీల్ సాబ్’ ఏప్రిల్ 9న థియేటర్లలోనికి వచ్చి, మూడే వారములకు, 30న, ప్రైమ్‌లో ప్రత్యక్షమైనప్పుడు ‘ఇంక థియేటరుకు పోనేల?’ యను మాట ఊరూర వినబడెను. 2022 ఆగస్టు 1న నిర్మాతలు షూటింగులు నిలిపివేసి చర్చించిన విషయములలో ఈ వ్యవధి ముఖ్యమైనది. ఎనిమిది వారముల నియమము ఆ చర్చలలోనే రూపుదాల్చినది. హిందీ ప్రాంతపు మల్టీప్లెక్సులును ఆ గడువునే పట్టుబట్టుచున్నందున దేశమంతట విడుదలయగు పెద్ద చిత్రములు దానికి కట్టుబడక తప్పలేదు. ‘పుష్ప 2’ను యాబదియారు దినములకు ముందు ఏ ఓటీటీలోను చూడజాలరని నిర్మాతలు ముందుగనే ప్రకటించిరి, 2024 డిసెంబరు 5న విడుదలైన ఆ చిత్రము 2025 జనవరి 30న నెట్‌ఫ్లిక్సునకు వచ్చినది, లెక్క తప్పలేదు. చిన్న చిత్రములకు ఈ నియమము చుట్టపుచూపుగనే వర్తించును. నాలుగు వారములకే వచ్చునవి నేటికిని కోకొల్లలు.

ఇంతవరకు చెప్పినది అమ్మువారి సంగతి. కొనువారి సంగతికి బిట్రగుంట కాలనీలోని ఒక యింటిని చూతము. గార్డుగా పనిచేసి విశ్రాంతి పొందిన ఒక పెద్దాయనకు ఫోను రీఛార్జితో ఒక ఓటీటీ ఉచితముగా వచ్చినది; రెండవదాని పాస్‌వర్డు చెన్నైలో ఉద్యోగము చేయు పెద్దకొడుకుది; మూడవదానికి అల్లుడు ఏడాది చందా కట్టియుండెను. టీవీ తెరపై లాగిన్ అడిగినప్పుడెల్ల చిన్నకొడుకు నుండి చెన్నైకి ఫోను: ‘అన్నా, ఓటీపీ వచ్చిందా? తొందరగా చెప్పు, టైమైపోతా ఉంది.’ 2023 జులైలో ఒక సంస్థ ఇల్లు దాటిన పాస్‌వర్డులను అరికట్టినప్పటి నుండి ఇట్టి ఇండ్లలో నాలుగవ చందా తెగినది. ఒకనాటి రాత్రి ఆ యింటి ఇల్లాలు ‘గుండమ్మ కథ’ చూడగోరినది. చిన్నకొడుకు రిమోటుతో ఒక్కొక్క అక్షరమునే నొక్కి వెదకెను. తెరపై ‘గుం’ అనగానే గూండాల చిత్రములు రెండు మూడు వచ్చినవి; తెలుగు లిపి వదలి ఇంగ్లీషు అక్షరములతో వెదకినను అసలుది రాలేదు. మూడింటిలోను లేదు. చివరకు యూట్యూబులో, రెండు నిమిషముల ప్రకటనల పిదప, అంచులు కోసిన, గీతలు పడిన ప్రతి ఒకటి దొరకినది. ఆమె అనిన మాట ఈ వ్యాసమునకు ముఖ్యప్రశ్న: ‘ఏందబ్బయా, డబ్బు కట్టినదాన్లో లేదు, కట్టనిదాన్లో ఉందే!’

దీనికి సమాధానము చట్టములోనే ఉన్నది. మన కాపీరైటు చట్టము ప్రకారము చలనచిత్రమునకు హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరారంభము నుండి అరువది యేండ్లు. 1951 నాటి ‘పాతాళభైరవి’ హక్కు 2011తోను, 1957 నాటి ‘మాయాబజార్’ హక్కు 2017తోను, 1962 నాటి ‘గుండమ్మ కథ’ హక్కు 2022తోను తీరినవి. సాహిత్య సంగీతములకు వాని కర్తల జీవితకాలమును బట్టి వేరు లెక్కయున్నను, చిత్రము మట్టుకు సర్వజనులదైనది. సర్వజనులది కానున్న చిత్రమును, అయిన చిత్రమును ఏ సంస్థ కొని ‘మా యొద్ద మాత్రమే’ యని చాటగలదు? చాటలేనిదానికి సొమ్ము పెట్టదు. ఆవిరి యంత్రముల నాటి బిట్రగుంట యార్డులో నిలిచిన బండ్లలోని సరకు యార్డుది కాదు. పట్టాలు దానివి, సరకు ఎవరిదో, వచ్చినట్లే పోవును. ఓటీటీల భాండారమును అట్టిదే. గడువు కొన్నియేండ్లని వ్రాసికొన్న ఒడంబడిక ముగియగానే నిన్న చూచిన సినిమా నేడు కనబడదు. రైలులో చూచుటకై ఫోనులోనికి దింపుకొన్నదియు గడువు దాటగానే తెరచుకొనదు. చందాదారుడు కొన్నది సినిమాను కాదు, కొన్నాళ్ల ప్రవేశమును మాత్రమే.

హక్కు తీరుటతో చిక్కు తీరదు. హక్కు అందరిది కావచ్చును. నెగటివు మాత్రము ఎవరి అలమారలోనో ఉండును. 2010లో హైదరాబాదు గోల్డ్‌స్టోన్ సంస్థ ‘మాయాబజార్’కు రంగులద్ది థియేటర్లలో విడుదల చేయగలిగినది మూలప్రతి చేజిక్కినందుననే గదా. మంచి ప్రతి లేని స్వేచ్ఛ వలన పైన చెప్పిన గీతల ‘గుండమ్మ కథ’యే మిగులును. పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారము 1964 నుండి ప్రతులను సేకరించుచున్నది గాని, అవి బిట్రగుంటలోని టీవీకి చేరు దారి ఇంకను పడలేదు.

ఏకహక్కుల పోటీ వలన మేలు లేదని నేననను. ఇతరుల యొద్ద లేనిది కావలెనను ఆరాటమే థియేటర్లు పట్టించుకొనని చిన్న చిత్రములకు చోటిచ్చినది. బందరు నేపథ్యమున తీసిన ‘కలర్ ఫోటో’ 2020 అక్టోబరులో ఆహాలో వచ్చి, ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ బహుమతి నందినది. ఆటోలో దొరకిన కెమెరాతో సినిమా తీయబూనిన పల్లెటూరివారి కథయగు ‘సినిమా బండి’ 2021లో నెట్‌ఫ్లిక్సునకు దొరకినది. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైంటీస్: ఏ మిడిల్ క్లాస్ బయోపిక్’ను చూచి కాలనీలోని లెక్కల మాస్టర్లు తమను తామే చూచికొనిరి. పెద్ద హీరోల పేర్లు లేని ఈ కృతుల కొరకే చందా కట్టినవారిని నేనెరుగుదును. కాని పెద్ద సంస్థలు ఒక్కటగుచున్న కొలది ఈ ఆరాటము తగ్గక మానదు. రిలయన్సు, డిస్నీల వ్యాపారములు 2024 నవంబరులో కలియగా, 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, హాట్‌స్టార్ రెండును జియోహాట్‌స్టార్ అయినవి. అదే యేడు జూన్ నుండి ప్రైమ్‌లో చందా కట్టినవారికిని ప్రకటనలు మొదలైనవి. పోటీదారులు తగ్గినచోట చిన్న నిర్మాతకు బేరమాడు బలము తగ్గును.

ఇట్టి స్థితిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేయదగిన పని యొకటి కలదు. ఆ ప్రభుత్వమునకు ఫైబర్‌నెట్ రూపమున సొంత ఇంటర్నెట్టు తీగ కలదు. 2023 జూన్ 2న విశాఖపట్నములో ఆ సంస్థ ‘ఫస్ట్ డే ఫస్ట్ షో’ పేర 99 రూపాయలకు కొత్త సినిమాను ఇంటికే తెచ్చు పథకమును ప్రారంభించినది. ధనబలము గల సంస్థలతో కొత్త సినిమాకై ప్రభుత్వ సంస్థ పందెము కాయుట నా దృష్టిలో తెలివిగల పని కాదు. ఆ పందెములో ఓడుట నిశ్చయము. ఎవరును కొననొల్లని చోట అది నిలువవలెను. 1965లో విడుదలైన ‘పాండవ వనవాసము’, ‘అంతస్తులు’ మొదలగు చిత్రముల గడువు 2025 డిసెంబరు 31 వరకే. 1966 నాటి ‘రంగుల రాట్నం’ వంతు ఆ మరుసటి యేడు. ప్రతి జనవరి 1న ఒక యేటి తెలుగు సినిమా మనదగుచున్నది. పుణె భాండాగారముతోను, నెగటివులు గల కుటుంబములతోను మాటలాడి, ఆ చిత్రములకు మంచి ప్రతులు చేయించి, తెలుగు అక్షరములతో వెదకిన దొరకునట్లు ఉచితముగా ప్రసారము చేయు పనిని ఫైబర్‌నెట్ వెంటనే చేపట్టవలెనని ఈ పత్రిక ద్వారా మనవి చేయుచున్నాను.