ఎస్‌ఎల్‌బీసీ టన్నెల్: 14 కిలోమీటర్ల లోపల చిక్కుకున్నవాళ్లను బయటకు తేవడం ఎందుకంత కష్టమైంది?

నాగర్‌కర్నూల్: 2025 ఫిబ్రవరి 22, శనివారం ఉదయం. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ టన్నెల్‌లో మార్నింగ్ షిఫ్ట్ మొదలైంది. కాసేపటికే పైకప్పు కూలింది. నీళ్లు, మట్టి, రాళ్లు ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చాయి. వెనక ఉన్న కార్మికులు పరుగెత్తుకుంటూ బయటపడ్డారు. ముందు భాగంలో ఉన్న 8 మంది మాత్రం అక్కడే చిక్కుకుపోయారు. వాళ్లలో ఇద్దరు ఇంజినీర్లు, ఇద్దరు మెషిన్ ఆపరేటర్లు, నలుగురు కూలీలు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి పని కోసం ఇంత దూరం వచ్చినవాళ్లు.

ఆర్మీ వచ్చింది. నేవీ వచ్చింది. రోబోలు, పోలీసు జాగిలాలు కూడా వచ్చాయి. అయినా ఒక్కరినీ ప్రాణాలతో తీసుకురాలేకపోయారు. థాయ్‌లాండ్‌ గుహలో 13 మంది, ఉత్తరాఖండ్‌ టన్నెల్‌లో 41 మంది క్షేమంగా బయటికి వచ్చారు కదా, మరి మన దగ్గర ఎందుకు కాలేదు? అప్పట్లో అందరూ అడిగిన ప్రశ్న ఇదే. దీనికి సమాధానం ఆ సొరంగంలోనే ఉంది.

అసలు ఏంటీ టన్నెల్?

శ్రీశైలం రిజర్వాయర్ నుంచి 30 టీఎంసీల కృష్ణా జలాలను మోటార్లు లేకుండానే నల్గొండ జిల్లాకు తీసుకెళ్లాలన్నది ప్లాన్. ఫ్లోరైడ్‌తో అల్లాడిన ప్రాంతానికి తాగునీరు, లక్షల ఎకరాలకు సాగునీరు ఇవ్వాలన్నది లక్ష్యం. ఇందుకోసం నల్లమల కింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వాలి. దోమలపెంట వైపు ఇన్‌లెట్, అచ్చంపేట మండలం మన్నెవారిపల్లి వైపు అవుట్‌లెట్. రెండు వైపుల నుంచీ టన్నెల్ బోరింగ్ మెషిన్లతో, అంటే టీబీఎంలతో తవ్వకం సాగింది. ప్రమాదం నాటికి మధ్యలో ఇంకా 9 కిలోమీటర్లకు పైగా మిగిలే ఉంది. చాలాకాలం ఆగిన పని మళ్లీ మొదలైన నాలుగు రోజులకే ఈ ఘోరం జరిగింది.

మొదటి సవాల్: ఒక్కటే దారి

ఇంత పొడవైన సొరంగాలకు మామూలుగా మధ్య మధ్యలో పక్కదారులు పెడతారు. వాటిని ఆడిట్లు అంటారు. ఏదైనా జరిగితే మనుషులు అటు నుంచి బయటపడొచ్చు. గాలి, మెషిన్లు, మట్టి తరలింపు అన్నీ సులువవుతాయి. కానీ ఇక్కడ పైన ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. మధ్యలో దారులు పెట్టే వీల్లేదు. అందుకే లోపలికి వెళ్లాలన్నా, బయటకు రావాలన్నా ఒక్కటే ద్వారం.

ప్రమాదం జరిగింది ఆ ద్వారానికి దాదాపు 14 కిలోమీటర్ల లోపల. మొదటి రోజుల్లో లోకో ట్రైన్ 11 కిలోమీటర్ల వరకే వెళ్లగలిగింది. అక్కడి నుంచి రెస్క్యూ టీంలు నీళ్లలో, బురదలో నడుచుకుంటూ వెళ్లాయి. గ్యాస్ కట్టర్ కావాలన్నా, పంపు కావాలన్నా, ఒక మనిషికి ఊపిరాడకపోయినా మళ్లీ 14 కిలోమీటర్లు వెనక్కి రావాల్సిందే.

రెండో సవాల్: నీళ్లు కాదు, బురద

వట్టి నీళ్లైతే పంపులతో తోడేయొచ్చు. డైవర్లు ఈదుకుంటూ వెళ్లొచ్చు. ఇక్కడ అలా లేదు. ఊట నీటితో కలిసిన మట్టి, రాళ్లు టన్నెల్‌ను మీటర్ల ఎత్తున పూడ్చేశాయి. నేవీ మార్కోస్ కమాండోలు వచ్చినా అందులో ఈదే పరిస్థితి లేదు. పంపు పెడితే బురద అడ్డుపడుతుంది. తవ్వుదామంటే గంటలు గడిచేకొద్దీ ఆ బురద గట్టిపడిపోతుంది.

పైగా ఊట ఆగలేదు. నిమిషానికి వేల లీటర్ల నీళ్లు వస్తూనే ఉన్నాయి. అంటే ఒకవైపు తోడుతుంటే ఇంకోవైపు నిండుతోంది. మట్టిని బయటకు పంపాల్సిన కన్వేయర్ బెల్ట్ దెబ్బతింది. దాన్ని బాగు చేయడానికే రోజులు పట్టింది.

మూడో సవాల్: అడ్డుగా మెషినే

టీబీఎం అంటే చిన్న యంత్రం కాదు. వందల టన్నుల ఇనుము. కూలిన మట్టి తాకిడికి అది నలిగి, విరిగి దారికి అడ్డంగా నిలిచింది. కార్మికులు ఉన్నది దాని చుట్టుపక్కలే. ఇనుమును కట్ చేస్తేగానీ ముందుకు పోలేరు. కట్ చేయాలంటే గాలి సరిగా ఆడాలి, చుట్టూ నీళ్లు ఉండకూడదు. పై నుంచి మళ్లీ కూలుతుందేమోనన్న భయం వెంటాడుతూనే ఉంది. రక్షించడానికి వెళ్లినవాళ్ల ప్రాణాలకే గ్యారంటీ లేదు. రోబోలను దింపాలన్న ఆలోచన అందుకే వచ్చింది.

నాలుగో సవాల్: ఎక్కడున్నారో తెలియదు

అన్నిటికన్నా పెద్ద సమస్య ఇది. లోపల ఉన్నవాళ్ల నుంచి మొదటి రోజు నుంచీ ఏ సంకేతమూ లేదు. పేర్లు పెట్టి పిలిచినా జవాబు రాలేదు. నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్‌తో వెతికారు. కానీ బురద, నీళ్లు, ఇనుము కలిసిన చోట ఆ సంకేతాలను బట్టి మనిషినీ లోహాన్నీ వేరు చేయడం చాలా కష్టం.

చివరికి దారి చూపింది కేరళ పోలీసు జాగిలాలు. అవి గుర్తించిన చోట తవ్వితే మార్చి 9న మొదటి మృతదేహం దొరికింది. మార్చి 25న రెండోది. ఎన్డీఆర్‌ఎఫ్, ఎస్డీఆర్‌ఎఫ్, ఆర్మీ, సింగరేణి, ర్యాట్ హోల్ మైనర్లు ఇలా వందల మంది రెండు నెలలు శ్రమించారు. చివరి కొన్ని పదుల మీటర్లు మరీ ప్రమాదకరమని తేలడంతో ఏప్రిల్ చివర్లో తవ్వకం ఆపేశారు. మిగతా ఆరుగురు ఆ ఆపరేషన్‌లో దొరకలేదు.

మరి అక్కడ ఎలా బతికారు?

థాయ్‌లాండ్, 2018: థామ్ లువాంగ్ గుహలోకి వెళ్లిన 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ జూన్ 23న వరదలో చిక్కుకున్నారు. వాళ్లకు కలిసొచ్చింది ఒక్కటే: నీళ్లు అందని ఎత్తైన చోటు. జులై 2న డైవర్లు వాళ్లను చూశారు. పిల్లలకు మత్తుమందిచ్చి, మాస్కులు తొడిగి, నీళ్లలోంచి ఒక్కొక్కరినీ తెచ్చారు. జులై 10 నాటికి 13 మందీ బయటపడ్డారు. కానీ ఆక్సిజన్ సిలిండర్లు పెట్టి వస్తూ థాయ్ నేవీ మాజీ డైవర్ సమన్ కునన్ ప్రాణం కోల్పోయాడు.

సిల్క్యారా, 2023: ఉత్తరాఖండ్‌లో నవంబరు 12న టన్నెల్ కూలింది. శిథిలాలు దారిని మూసేశాయి కానీ వాటి వెనక 41 మందికి దాదాపు 2 కిలోమీటర్ల ఖాళీ చోటు ఉంది. ఒక పైపు చెక్కుచెదరలేదు. మొదట దాని ద్వారానే గాలి, తిండి, మాట అందాయి. 17వ రోజున అందరూ క్షేమంగా బయటకు వచ్చారు. చివరి మీటర్లు చేత్తో తవ్విన ర్యాట్ హోల్ మైనర్లే తర్వాత దోమలపెంటకూ వచ్చారు.

రాణిగంజ్, 1989: పశ్చిమ బెంగాల్‌లో నీళ్లు నిండిన బొగ్గు గనిలో 65 మంది చిక్కుకున్నారు. ఇంజినీర్ జస్వంత్ సింగ్ గిల్ పై నుంచి బోరు వేయించి, స్టీల్ క్యాప్సూల్‌లో తానే దిగి ఒక్కొక్కరినీ పైకి పంపారు. అక్కడి లోతు సుమారు వంద మీటర్లే. దోమలపెంటలో టన్నెల్ మీద ఉన్న కొండ 400 మీటర్లకు పైనే.

మూడు చోట్లా ఉన్నవి, మన దగ్గర లేనివి ఇవే: తలదాచుకునే ఖాళీ చోటు, లోపలివాళ్లతో సంబంధం, చేరుకోవడానికి ఏదో ఒక మార్గం.

మన జిల్లాలకు ఇది కొత్త కాదు

పాలమూరు నేల కింద ఇప్పుడు ఎన్నో సొరంగాలు, పంప్‌హౌస్‌లు ఉన్నాయి. నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల మీదుగా పాలమూరు-రంగారెడ్డి టన్నెళ్లు సాగుతున్నాయి. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి 9 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో కల్వకుర్తి లిఫ్ట్‌లోని ఎల్లూరు పంప్‌హౌస్ మునిగింది. 2024 సెప్టెంబరులో వరద నీరు టన్నెల్ గుండా వచ్చి వట్టెం పంప్‌హౌస్‌ను ముంచింది. గద్వాల దగ్గర జూరాల గేట్లు ఎత్తితే దిగువన శ్రీశైలం దాకా అందరూ అలర్ట్ అవుతారు. భూమి లోపల పనిచేసేవాళ్లకూ అలాంటి హెచ్చరిక కావాలి.

ముందే ఏం చేయొచ్చు?

తవ్వే ముందు రాయిలోకి సన్నటి బోరు వేసి ముందున్నది గట్టి రాయా, నీటి ఊటా అని చూడొచ్చు. దీన్ని ప్రోబ్ డ్రిల్లింగ్ అంటారు. ఊట కనబడితే సిమెంట్ గ్రౌటింగ్ చేసి ఆపాకే ముందుకెళ్లాలి. ఊట ఒక్కసారిగా పెరిగినా, బురద రంగు మారినా పని ఆపే అధికారం అక్కడి షిఫ్ట్ మనిషికే ఉండాలి. లోపల గాలి, తాగునీరు, ఫోన్ లైన్ ఉన్న రెఫ్యూజ్ ఛాంబర్ ఉంటే పరుగెత్తలేనివాళ్లకు కొన్ని రోజుల ఊపిరి దక్కుతుంది. ఎవరు ఎక్కడున్నారో చెప్పే ట్యాగులు ఉంటే రెస్క్యూ టీం గుడ్డిగా తవ్వాల్సిన పని ఉండదు.

ప్రమాదం తర్వాత టీబీఎంను పక్కనపెట్టి, డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ పద్ధతిలో టన్నెల్ పూర్తి చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. 2025 నవంబరులో మన్నెవారిపల్లి దగ్గర హెలికాప్టర్ సర్వే మొదలైంది. కొండ లోపల ఎక్కడ పగుళ్లున్నాయో, ఎక్కడ నీళ్లున్నాయో ముందే తెలుసుకోవడం దీని ఉద్దేశం. నల్గొండకు నీళ్లు కావాలి, అందులో అనుమానం లేదు. ఆ నీళ్ల కోసం మళ్లీ లోపలికి దిగే కార్మికుడు షిఫ్ట్ అయ్యాక ఇంటికి ఫోన్ చేయగలగాలి. దోమలపెంటలో ఆగిపోయిన ఆ ఆరుగురి కుటుంబాలు ఎదురుచూసింది ఆ ఒక్క ఫోన్ కోసమే.