ఇంటికి రెండు ద్వారాలు



ఈ శుక్రవారం మనం నిరాడంబర జీవితం గురించి ఆలోచిద్దాం. ఈ మాట వినగానే మనలో చాలామందికి పొదుపు గుర్తుకు వస్తుంది. తక్కువ కొనడం, ఉన్నదానితో సరిపెట్టుకోవడం, చేతిలోని రూపాయిని జాగ్రత్తగా పట్టుకోవడం. ఇది నిజమే కాని సగం నిజం. మిగతా సగం ఏమిటో తెలుసుకోవడానికి మనం దూరదేశాల చరిత్రను వెతకవలసిన పని లేదు. మన జమ్మికుంటతో సహా ఈ గడ్డనంతటినీ ఏలిన ఇద్దరు పాలకుల జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. మన ముత్తాతలు సంతలో బేరమాడింది వారి హాలీ సిక్కా రూపాయలతోనే. వారు తండ్రీకొడుకులు: ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్.

హైదరాబాదులోని పురానీ హవేలీలో మహబూబ్ అలీ ఖాన్ బట్టల అలమారా నేటికీ ఉంది. నిజాం మ్యూజియం చూడబోయినవారు దాని ముందు నిలబడి ఆశ్చర్యపోతూనే ఉంటారు. టేకు చెక్కతో చేసిన ఆ అలమారా పొడవు సుమారు 176 అడుగులు. అది రెండు అంతస్తులుగా ఉంటుంది. పై అంతస్తులోని దుస్తులను అందుకోవడానికి చేత్తో తిప్పి నడిపే చెక్క లిఫ్టును ఏర్పాటు చేశారు. ఒకసారి ధరించిన దుస్తులను ఆయన రెండోసారి ధరించేవారు కాదని ప్రతీతి. ఒక మనిషి ఒంటిని కప్పడానికి ఒక వీధి పొడవు అలమారా అవసరమైంది!

ఆయన కొనుగోళ్లలో అన్నింటికన్నా ప్రసిద్ధమైనది జాకబ్ వజ్రం. 1891లో అలెగ్జాండర్ జాకబ్ అనే వ్యాపారి ఈ వజ్రాన్ని ఆయనకు అమ్మజూపాడు. దాని బరువు 184 క్యారెట్లకు పైమాటే. నిజాం ముందుగా 23 లక్షల రూపాయలు జమ చేశారు. తర్వాత బేరం చెడింది. వ్యవహారం కలకత్తా న్యాయస్థానం దాకా వెళ్లింది. దేశమంతా ఆ కేసు గురించి చెప్పుకుంది. చివరికి వజ్రం నిజాం వద్దకే చేరింది, కాని అప్పటికి దానిమీద ఆయన మనసు విరిగిపోయింది. దానిని ఒక గుడ్డలో చుట్టి చెప్పు ముందుభాగంలో దాచారని, ఆయన మరణానంతరం కుమారుడికి అది అక్కడే దొరికిందని చెబుతారు. లక్షలు పోసి, కోర్టుకెక్కి, పరువు పణంగా పెట్టి సాధించుకున్న వస్తువు చివరికి చేరిన చోటు పాత చెప్పు! కొనేటప్పుడు కలిగే ఆరాటానికి, కొన్న తర్వాత మిగిలే విసుగుకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ మన చరిత్రలో అరుదు.

అయితే ఆయనను కేవలం విలాసపురుషుడిగా చూపడం న్యాయం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది ఉప్పొంగి వేలమంది ప్రాణాలు కోల్పోయినప్పుడు ఆయన తన భవనాల తలుపులను బాధితుల కోసం తెరిపించారు. ప్రజలు ఆయనను ప్రేమించారు. ఆయన చేతి నుంచి సంపద ధారాళంగా బయటికి పోయేది, అంతే ధారాళంగా లోపలికీ వచ్చేది. ఆయన ఇంటికి రెండు ద్వారాలూ తెరిచే ఉన్నాయి గాని, లోపలికి వచ్చే ద్వారానికి కాపలా లేదు.

1911 ఆగస్టు 29న ఆయన కన్నుమూశారు. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. కొడుకు తండ్రికి పూర్తిగా భిన్నమైన మనిషి. 1937 ఫిబ్రవరి 22న అమెరికా పత్రిక 'టైమ్' తన ముఖచిత్రంగా ఆయన బొమ్మను వేసి, ప్రపంచంలోకెల్లా సంపన్నుడని పరిచయం చేసింది. అంతటి సంపన్నుడు ఎలా జీవించారు? నలిగిన షేర్వానీ, మాసిన పాత టోపీ, చవకరకం చార్మినార్ సిగరెట్లు, సాదాసీదా గది. ఆయనను కలిసినవారంతా దీనినే వింతగా చెప్పుకున్నారు. తండ్రి చెప్పులో దొరికిన ఆ వజ్రాన్ని ఆయన బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నారు.

ఆయన పాలనలో ప్రజలకు దక్కినవి కూడా చిన్నవి కావు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మాన్ సాగర్, నిజాంసాగర్ ఆ కాలంలోనివే. కాజీపేట నుంచి బల్లార్షా వరకు, మన జమ్మికుంట మీదుగా, రైలు మార్గం పూర్తయింది కూడా ఆయన ఏలుబడిలోనే. మన పత్తి దూరప్రాంతాల మిల్లులకు చేరే దారి ఆ మార్గంతోనే తెరుచుకుంది. కనుక ఆయన చేసిన మేలును మరచిపోవడం కృతఘ్నత అవుతుంది.

కాని రాజ్యం వేరు, ఇల్లు వేరు. ఆయన సొంత నివాసమైన కింగ్ కోఠీ సంగతి ఏమిటి? ఆయన తనకోసం కొన్నది తక్కువే కావచ్చు. వదిలింది ఇంకా తక్కువ. తాతల నాటి నగలు, బంగారం, కానుకలు గదుల్లో పెట్టెలుగా పేరుకుపోయాయి. బంగారం నింపిన లారీలు తోటలోనే బరువుకు దిగబడిపోయాయని, నోట్ల కట్టలను ఎలుకలు కొరికివేశాయని 1975లో వెలువడిన 'ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్' గ్రంథకర్తలు రాశారు. 1965లో యుద్ధ సమయంలో ఆయన దేశానికి ఐదువేల కిలోల బంగారం దానమిచ్చారని మనలో చాలామంది గర్వంగా చెప్పుకుంటారు. ప్రభుత్వ రికార్డులు తెలిపేది వేరు. ఆయన 425 కిలోల బంగారాన్ని జాతీయ రక్షణ బంగారు పథకంలో వడ్డీ వచ్చే పెట్టుబడిగా పెట్టారు. అది కూడా దేశానికి అక్కరకు వచ్చిన పనే. అయినా పెట్టుబడిని దానమని చెప్పడం సత్యం కాదు. మన పెద్దలను గౌరవించడానికి మనకు అతిశయోక్తుల అవసరం లేదు.

1950వ దశకం ఆరంభంలో ఆయన తన నగలను ట్రస్టుల అధీనంలో ఉంచారు. అవి బొంబాయిలోని బ్యాంకు ఖజానాలో భద్రమయ్యాయి. 1967 ఫిబ్రవరి 24న ఆయన మరణించారు. ఆ తర్వాత ఏం జరిగింది? వాటిని ధరించినవారు లేరు. అమ్మకానికి అడుగడుగునా వివాదాలు, విలువ తేల్చడానికి ఏళ్ల తరబడి వ్యాజ్యాలు. చివరకు 1995లో భారత ప్రభుత్వం 173 నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. చెప్పులో దాగిన ఆ వజ్రం కూడా వాటిలోనే ఉంది. నేడు అవి రిజర్వు బ్యాంకు అధీనంలో ఉన్నాయి. అప్పుడప్పుడు ప్రదర్శనకు తీస్తారు, మళ్లీ తాళం వేస్తారు. ఒక ఖజానా నుంచి మరొక ఖజానాకు చేరిన ప్రయాణమే వాటి చరిత్ర. వారసులకు మాత్రం ఆస్తితోపాటు వేలాదిమంది ఆశ్రితుల భారం, అంతులేని కోర్టు కాగితాలు సంక్రమించాయి.

సోదరులారా! ఇప్పుడు ఇద్దరినీ పోల్చి చూడండి. తండ్రి హద్దు లేకుండా కొన్నారు. కొడుకు కొనడం మానేశారు. ఇద్దరి ఇళ్లూ నిండిపోయాయి! తండ్రి ఇంట్లోకి వచ్చే ద్వారాన్ని మూయలేదు. కొడుకు ఇంటి నుంచి పోయే ద్వారాన్ని తెరవలేదు. దివ్య గ్రంథం దుబారాను వారించింది, గుప్పిట బిగించడాన్నీ వారించింది, ఆ రెంటి నడుమ సమతూకంగా నడిచేవారిని మెచ్చుకుంది. ఆ ఇద్దరి అంతరంగాలపై తీర్పు మన పని కాదు, అది అల్లాహ్ చేతిలోనిది. వారి ఇళ్లను చూసి మన ఇళ్లను సరిదిద్దుకోవడమే మన పని.

నడిమి మార్గంలో నడిచిన పాలకుడు ఎలా ఉంటాడో కూడా చరిత్ర చూపింది. క్రీ.శ. 717లో ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ ఖలీఫా అయ్యారు. అంతకుముందు ఆయన ఖరీదైన దుస్తులకు, సుగంధాలకు పేరు పొందిన రాచబిడ్డ. ఖలీఫా పదవి చేపట్టగానే తన కోసం తెచ్చిన రాచగుర్రాలను కాదని, తన సొంత కంచరగాడిదనే ఎక్కారని, కొత్త ఖలీఫా కోసం సిద్ధం చేసిన తివాచీలు, డేరాలు బైతుల్ మాల్‌కు పంపించారని చరిత్ర గ్రంథాలు నమోదు చేశాయి. ఆయన భార్య ఫాతిమా కూడా ఒక ఖలీఫా కుమార్తె. తండ్రి ఇచ్చిన అమూల్యమైన ఆభరణాన్ని ఆమె తన ఇష్టంతోనే ప్రజాధనంలో కలిపారు. భర్త మరణానంతరం కొత్త ఖలీఫా అయిన ఆమె సోదరుడు దానిని తిరిగి ఇవ్వబోతే, ఆయన బ్రతికి ఉండగా వదిలినదాన్ని ఆయన పోయాక ఎలా తీసుకుంటానని నిరాకరించారు. ఉమర్ మరణశయ్యపై ఉండగా పరామర్శకు వచ్చిన బావమరిది, మాసిన చొక్కాను మార్చమని చెల్లెలికి చెప్పాడు. ఆయనకు మరొక చొక్కా లేదని ఆమె బదులిచ్చింది. ఒక వైపు 176 అడుగుల అలమారా, మరొక వైపు ఒక్క చొక్కా. మనలో ఎవరూ ఒక్క చొక్కాతో బ్రతకనక్కరలేదు. కాని ఆ రెంటి మధ్య మనం ఎక్కడ నిలబడ్డామో ఆలోచించుకోవాలి.

మన ఊరి సంగతికి వద్దాం. జమ్మికుంట పత్తి యార్డు రాష్ట్రమంతటికీ తెలుసు. దసరా దాటాక ట్రాక్టర్ల మీద తెల్లని పత్తి వస్తుంది, చేతికి డబ్బు వస్తుంది. ఆ వెంటనే పెళ్లిళ్ల కాలం వస్తుంది. మన పత్తి జిన్నింగు మిల్లుకు, అక్కడి నుంచి బట్టల మిల్లుకు పోయి, మెరిసే సంచిలో చీరగానో షర్టుగానో తిరిగి మనకే వస్తుంది. మనం పండించినదాని వెల మనం నిర్ణయించలేం, మనం కొనేదాని వెల కూడా మనం నిర్ణయించలేం. కొనాలా వద్దా అన్నది మాత్రమే మన చేతిలో ఉంది. ఆ ఒక్క అధికారాన్ని కూడా వాయిదాల పద్ధతికి, పక్కింటివారి చూపుకు వదులుకుంటున్నాం.

ఇందులో అన్నింటికన్నా బాధాకరమైనది ఆడపిల్ల పెళ్లి సామాను. మంచం, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, సోఫా, వాటిపైన వంట పాత్రల దొంతర. ఇవన్నీ ఇవ్వకపోతే నలుగురిలో తలవంపులని పిల్ల తండ్రి భయపడతాడు. వచ్చే పంటమీద ఇప్పుడే అప్పు తెస్తాడు. వానలు తప్పినా, గులాబీరంగు పురుగు కాయను తొలిచినా ఆ అప్పు ఆగదు. మరి ఆ సామాను? అత్తవారింట్లో అప్పటికే ఒక మంచం, ఒక బీరువా ఉంటాయి. కొత్తవి చోటు లేక గోడకు ఆనించబడతాయి, పాత్రలు అట్టపెట్టెల్లోనే సజ్జమీదికెక్కుతాయి. ఒక ఇంటి అప్పు మరొక ఇంటి సజ్జమీద దుమ్ము పట్టడం! జాకబ్ వజ్రం కథ నవాబులది మాత్రమే కాదని అప్పుడు అర్థమవుతుంది.

మన అమ్మమ్మలకు, నానమ్మలకు ఈ విద్యను ఎవరూ నేర్పవలసిన అవసరం లేకపోయింది. చీర పాతబడితే పసిబిడ్డకు మెత్తని గుడ్డలయ్యేది, తర్వాత బొంతలో పొర అయ్యేది, చివరికి ఇల్లు తుడిచే గుడ్డ అయ్యేది. వస్తువు ఒకచోట ఆగేది కాదు, పని మార్చుకుంటూ కదిలేది. జకాత్ వెనుక ఉన్న సూత్రం కూడా ఇలాంటిదే. పరిమితికి మించిన బంగారం, ధనం ఏడాదిపాటు మన దగ్గర నిలిస్తే అందులో నలభయ్యో వంతు హక్కుదారులకు కదలాలి. నిలిచిపోయిన సంపద ఇంటికి భారం, కదిలిన సంపద ఊరికి బలం.

కాబట్టి ఈ వారం మనం కొన్ని పనులు చేద్దాం. ఇంట్లో ఒక్క బీరువాను, ఒక్క సజ్జను తెరిచి చూద్దాం. గత ఏడాది నుంచి చేతికి రాని వస్తువును పక్కన పెడదాం. బాగున్నదానిని ఉతికి, బాగు చేయించి, అవసరమున్నవారికి వారి గౌరవం చెడకుండా అందిద్దాం. చిరిగినవి, పాడైనవి ఇచ్చి దానమని పేరు పెట్టవద్దు. మనకు ఎవరైనా ఇస్తే తీసుకోవడానికి మొహమాటపడే వస్తువు మరొకరికి కానుక కాజాలదు. పెద్ద వస్తువు కొనాలనిపిస్తే ఒక జుమా నుంచి మరో జుమా వరకు ఆగుదాం. వారం తర్వాతా అవసరమనిపిస్తే, అప్పు లేకుండా కొనగలిగితే కొందాం. ఖాళీ అయిన చోటును వెంటనే కొత్త సామానుతో నింపితే చేసిన పని వృథా అవుతుంది.

వీటన్నింటికన్నా ముఖ్యమైనది, మగపిల్లల తల్లిదండ్రులు సంబంధం మాట్లాడే రోజునే సామాను వద్దని నోరు తెరిచి చెప్పాలి. ఆడపిల్ల తండ్రి ఆ మాట చెప్పలేడు, చెప్పగలిగే స్థానం మీది. ఈ ఊరిలో పది కుటుంబాలు ఆ మాట చెబితే పదకొండవ తండ్రి అప్పు పత్రం మీద సంతకం పెట్టే అవసరం తప్పుతుంది.

పరమ ప్రభువు మన ఇళ్లలోకి ధర్మసమ్మతమైనదానినే రానిచ్చుగాక! మన అవసరానికి మించినది ఇతరుల అవసరాన్ని తీర్చే మార్గాన్ని మనకు సుగమం చేయుగాక! మన పిల్లలకు మనం మోయలేని సామానును గాక, వారు మోయగలిగే మంచి పేరును వారసత్వంగా వదిలే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.